బర్మా తెలుగు కుటుంబం: చరిత్రలో, కథల్లో

19వ శతాబ్దం రెండో సగం నుంచి కోస్తా ఆంధ్ర జిల్లాల వారు కూలికీ, ఉద్యోగానికీ, వ్యాపారానికీ బర్మా వెళ్లడం మొదలైంది. చాలామంది రెండు మూడేళ్లు సంపాదించుకొని తిరిగొచ్చారు. మిగిలినవారు అక్కడే కాపురం పెట్టారు. అలా స్థిరపడిన కుటుంబాలనూ వారి సంతతినీ బర్మా తెలుగువారు అంటారు. బ్రిటిషు వలస పాలన, జపాను ఆక్రమణ, 1962 తర్వాతి సైనిక నియంతృత్వం - మూడింటి కిందా వారు బతికారు. అదే నగరాల్లో, అదే వీధుల్లో, చైనా నుంచి వచ్చిన కుటుంబాలు కూడా ఇదే అనుభవించాయి.

నిరంకుశ పాలన వలస కుటుంబం మీద పడే తీరు చట్టాల జాబితాలో పైపైన మాత్రమే తెలుస్తుంది. ఆ పాలన మొదట తాకేది ఇంట్లో ఉన్న వాటినే: దాచుకొన్న నోటు, ఒంటి మీది నగ, దుకాణం తాళం, పిల్లల బడి, గుర్తింపు కాగితం. అందుకే ఈ చరిత్రను తెలుసుకోవడానికి కథలూ నవలలూ ముఖ్యమైన ఆధారాలు. ఈ వ్యాసం బర్మా తెలుగువారి చరిత్రను, వారూ చైనీయ వలసదారులూ కథాసాహిత్యంలో కనిపించే తీరును పరిచయం చేస్తుంది.

రెండు డెల్టాలు

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అదే ఏడాది రెండో ఆంగ్లో-బర్మా యుద్ధంలో గెలిచిన ఈస్టిండియా కంపెనీ దిగువ బర్మాను తన రాజ్యంలో కలుపుకొంది. ఆ తర్వాతి యాభై ఏళ్లలో గోదావరి డెల్టా, బర్మాలోని ఐరావతి డెల్టా రెండూ వరి సీమలుగా మారాయి. ఇక్కడ కాలువల నీటితో భీమవరం, తణుకు, నరసాపురం ప్రాంతాలు పచ్చబడ్డాయి. అక్కడ చిత్తడి అడవులు నరికి పొలాలు తీశారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడంతో ఐరోపాకు బియ్యం రవాణా సులువైంది. 20వ శతాబ్దం ఆరంభానికల్లా బియ్యం ఎగుమతిలో బర్మా ప్రపంచంలోనే ముందుంది.

రెండు చోట్లా చేతులు కావాలి. విశాఖపట్నం, గంజాం జిల్లాల మెట్ట ప్రాంతాల పేదలు ఊడ్పులకూ కోతలకూ గోదావరి జిల్లాలకు వచ్చేవారు. అదే ఊళ్ల నుంచి మరికొందరు ఓడెక్కి బర్మా రాజధాని రంగూన్ పోయేవారు. డెల్టాలో భూమి లేని కుటుంబాల నుంచి కూడా ఈ వలస సాగింది. అంటే గోదావరి డెల్టా వలసదారులను రప్పించుకొన్న చోటూ, పంపించిన చోటూ.

డెల్టా రైతుకు బర్మాతో మరో లంకె కూడా ఉంది. 1930 దశకపు ఆర్థిక మాంద్యంలో చవకైన బర్మా బియ్యం మద్రాసు రాష్ట్రపు సంతల్లోకి దిగి, ఇక్కడి ధాన్యం ధరను పడగొట్టింది. 1942లో జపాను బర్మాను ఆక్రమించాక ఆ బియ్యం పూర్తిగా ఆగిపోయి, దక్షిణాదిలో తిండికి కటకట ఏర్పడింది. 1943 బెంగాలు కరవు వెనుక ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి.

కోరంగి నుంచి రంగం దాకా

గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా, యానాం సమీపాన ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే రేవు. 1789, 1839 తుఫానులు, నది తెచ్చే ఒండ్రు ఆ రేవును దెబ్బతీశాయి. వర్తకం కాకినాడకు మారింది. కానీ బర్మాలో తెలుగు కూలీలందరికీ ‘కోరంగీలు’ అన్న పేరే స్థిరపడింది. శ్రీకాకుళం నుంచి వెళ్లినవాడైనా, కోనసీమవాడైనా రంగూన్ తెల్లదొరల లెక్కలో కోరంగీయే. ఇటు ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగూన్‌ను రంగం అనేవారు.

కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ రేవుల నుంచి స్టీమర్లు నడిచేవి. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీదే పైచేయి. టికెట్టు డబ్బు కూలీ దగ్గర ఉండేది కాదు, మేస్త్రీ పెట్టేవాడు. ఊళ్లో మనుషులను పోగుచేసి, కొంత బయానా ఇచ్చి, ఓడెక్కించి, రంగూన్‌లో మిల్లుకో రేవుకో అప్పగించేది అతనే. మిల్లు యజమాని కూలి మేస్త్రీకి ఇచ్చేవాడు. అతను తన వంతూ పాత బాకీ వడ్డీ పట్టుకొని మిగిలింది పంచేవాడు. మారిషస్, ఫిజీ, నటాల్ తోటలకు వెళ్లిన తెలుగువారిని ఐదేళ్ల కరారు కట్టిపడేసింది. బర్మా వెళ్లినవారిని కట్టిపడేసింది మేస్త్రీ బాకీ.

రంగూన్‌లో బతుకు

1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు పది లక్షలకు పైగా ఉన్నారు. వారిలో తెలుగువారు లక్షన్నర పైచిలుకు. రంగూన్ జనాభా సుమారు 4 లక్షలైతే, అందులో 2 లక్షల 12 వేల మంది, అంటే సగానికి మించి, భారతీయులే. బర్మా రాజధానిలో బర్మీయులు మైనారిటీ. తరవాతి దశాబ్దాల్లో రేగిన చిచ్చుకు మూలం చాలావరకు ఇక్కడే ఉంది.

తెలుగువారు ఎక్కువగా రైసు మిల్లుల్లో, రేవులో బస్తాలు మోసే పనిలో, రిక్షా లాగడంలో, కట్టె కోత మిల్లుల్లో, రైల్వేలో, పురపాలక సంఘం పారిశుద్ధ్య పనుల్లో కుదిరారు. ధాన్యం ఆడించే కాలంలో మిల్లులకు జనం కావాలి. వానలు మొదలయ్యాక పని తగ్గేది. వెళ్లినవారిలో అత్యధికులు మగవాళ్లు. ఆడవాళ్లు చాలా తక్కువ కావడంతో, గదికి పరిమితికి మించి మనుషులు కుక్కుకొని పడుకొనే బ్యారక్కులే తొలి తరం ‘ఇళ్లు’. భార్యాబిడ్డలను తెచ్చుకోగలిగినవారు, బర్మీయ స్త్రీలను పెళ్లాడినవారు నిలకడైన కాపురాలకు పునాది వేశారు. రామమందిరాలు, అమ్మవారి గుళ్లు, తెలుగు బాప్టిస్టు సంఘాలు, చిన్న చిన్న తెలుగు బడులు వెలిశాయి. పిల్లలు ఇంట్లో తెలుగూ వీధిలో బర్మీయమూ మాట్లాడారు. ఇంట్లో పిలిచే పేరొకటి, బడిలో బర్మీయ పేరొకటి ఉండడం మామూలైంది.

1930 నుంచి 1942 దాకా

1930 మేలో గాంధీ అరెస్టు తర్వాత రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచాలని సమ్మె కట్టారు. కాంట్రాక్టర్లు వారి చోట బర్మీయులను దించారు. సమ్మె తీరి పాతవారు పనిలోకి వచ్చేసరికి, కొత్తగా చేరిన బర్మీయులను పొమ్మన్నారు. మే 26న మొదలైన కొట్లాట నగరమంతా పాకి, వంద మందికి పైగా చనిపోయారు. చనిపోయినవారిలో ఎక్కువమంది భారతీయులు. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు. అప్పటిదాకా ఒకే రాజ్యంలో ఊరు మారినవారు ఒక్క రోజులో పరదేశీయులయ్యారు. 1938 జూలైలో మళ్లీ అల్లర్లు రేగాయి.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చిలో నగరం జపాను వశమైంది. ఓడలో చోటు దొరికినవారు కొందరే. సుమారు ఐదు లక్షల మంది భారతీయులు బర్మా వదిలిపోయారు. అరకాన్ కొండలు దాటి చిట్టగాంగుకు, తమూ మీదుగా ఇంఫాలుకు, హుకాంగ్ లోయ గుండా లీడోకు నడిచారు. మలేరియాతో, కలరాతో, ఆకలితో దారిలో పడిపోయినవారు వేలల్లో ఉన్నారు. ఆ ఏప్రిల్ 6న జపాను బాంబులు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా పడ్డాయి. రంగూన్‌లో వదిలివచ్చిన యుద్ధం వలసదారుల సొంత రేవులకే వచ్చింది.

సైనిక పాలనలో ఇల్లు

1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైంది. యుద్ధం తర్వాత తిరిగి వెళ్లిన తెలుగు కుటుంబాల ముందు అప్పుడు ఒక ప్రశ్న నిలిచింది: పౌరసత్వానికి దరఖాస్తు పెట్టాలా, విదేశీయులుగా నమోదై ఉండాలా? చదువు లేని కూలీ కుటుంబాలు చాలావరకు ఎటూ తేల్చుకోలేదు. పౌరసత్వ కాగితాల విలువ 1962 తర్వాత తెలిసింది.

1962 మార్చి 2న జనరల్ నే విన్ అధికారం చేజిక్కించుకొన్నాడు. ఏప్రిల్‌లో ‘సోషలిజానికి బర్మా మార్గం’ ప్రకటించాడు. జూలై 7న రంగూన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల మీద సైన్యం కాల్పులు జరిపి, మర్నాడు తెల్లవారేలోపు విద్యార్థి సంఘ భవనాన్ని పేల్చేసింది. వలస కుటుంబాలను ఇంతకన్నా గట్టిగా తాకినవి ఆ తర్వాతి ఆర్థిక ఉత్తర్వులు. 1963 ఫిబ్రవరిలో బ్యాంకులు జాతీయమయ్యాయి. 1964 మార్చి నుంచి దుకాణాల వంతు వచ్చింది. పెద్ద వర్తకులతో పాటు చిల్లర దుకాణదారులు కూడా నష్టపోయారు. అదే ఏడాది మే 17న 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నారు. బ్యాంకుల మీద నమ్మకం లేక పెట్టెల్లో దాచుకొన్న పొదుపు చాలావరకు చిత్తుకాగితమైంది. తర్వాత ప్రైవేటు బడులు ప్రభుత్వపరమయ్యాయి. భారతీయ, చైనీయ భాషల పత్రికలు మూతబడ్డాయి.

ఎవరినీ వెళ్లిపొమ్మని ఒక్క ఉత్తర్వులోనూ రాయలేదు. ఉండడానికి వీలు లేకుండా చేశారు, అంతే. వెళ్తామన్నవారిని కూడా తేలిగ్గా వదల్లేదు. వెంట తీసుకెళ్లే డబ్బుకూ బంగారానికీ కఠినమైన పరిమితులు పెట్టి, రేవు దగ్గర సోదా చేశారు. 1964 తర్వాత కొన్నేళ్లలోనే సుమారు రెండు మూడు లక్షల మంది భారతీయులు దేశం వదిలారు. మద్రాసు, విశాఖపట్నం రేవుల్లో దిగినవారిలో పుట్టిన దగ్గర నుంచీ ఆంధ్ర దేశాన్ని చూడనివారు ఎందరో.

అక్కడే ఉండిపోయినవారికి 1982 పౌరసత్వ చట్టం కొత్త గీత గీసింది. బ్రిటిషు వారితో తొలి యుద్ధానికి ముందటి ఏడాది 1823. అప్పటికే ఆ నేల మీద ఉన్న జాతులకు చెందినవారికి పూర్తి పౌరసత్వం ఇచ్చారు. మిగిలినవారిని కింది తరగతి పౌరులుగా విడదీశారు. నాలుగు తరాలుగా బర్మాలో ఉన్నా తెలుగు కుటుంబం ఆ గీతకు అవతలే ఉండిపోవచ్చు. 1987 సెప్టెంబరులో 25, 35, 75 చాట్ల నోట్లను కూడా రద్దుచేశారు. ఆ దెబ్బకు బర్మీయులు సైతం వీధిన పడ్డారు. 1988 ఆగస్టు 8న ఎగసిన ప్రజా ఉద్యమానికి ఇదొక ముఖ్య కారణం.

పక్కింటి చైనీయులు

రంగూన్‌లో భారతీయుల వీధులూ చైనీయుల పేటా పక్కపక్కనే ఉంటాయి. చైనీయుల్లో సముద్రం మీద వచ్చిన ఫుకియన్, కాంటన్ వారున్నారు. యునాన్ నుంచి కొండ దారిన వచ్చినవారూ ఉన్నారు. వ్యాపారం, వడ్రంగం, భోజనశాలలు వారి ముఖ్య వృత్తులు. వలస పాలనలో భారతీయులకన్నా సంఖ్యలో తక్కువ కావడంతో 1930 నాటి కోపం వారి మీదికి అంతగా మళ్లలేదు. 1964 జాతీయీకరణ మాత్రం ఇద్దరినీ ఒకేలా దెబ్బతీసింది.

1967 జూన్‌లో చైనా సాంస్కృతిక విప్లవ ప్రభావంతో రంగూన్‌లోని చైనీయ విద్యార్థులు నిషేధాన్ని కాదని మావో బిళ్లలు పెట్టుకొన్నారు. బియ్యం కొరతతో అప్పటికే ఉడికిపోతున్న నగరంలో చైనీయుల ఇళ్ల మీద, దుకాణాల మీద దాడులు జరిగాయి. చైనా రాయబార కార్యాలయంలో చైనీయుడొకరు హతులయ్యారు. ప్రభుత్వం మీద మళ్లాల్సిన కోపం వలసదారుల మీదికి మళ్లిందని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. ఆ తర్వాత ఎన్నో చైనీయ కుటుంబాలు పేర్లు మార్చుకొని, భాషను ఇంటి గోడల మధ్యకే పరిమితం చేసుకొన్నాయి.

కథల్లో, నవలల్లో బర్మా

ప్రపంచ సాహిత్యంలో బర్మా తెలుగు కూలీ ఎక్కువమంది పాఠకులకు కనిపించిన చోటు జార్జ్ ఆర్వెల్ 1936లో రాసిన ‘షూటింగ్ యాన్ ఎలిఫెంట్’. ఆర్వెల్ 1922 నుంచి 1927 దాకా బర్మాలో పోలీసు అధికారి. మౌల్మేన్‌లో జరిగే ఆ రచనలో మదమెక్కిన ఏనుగు ఒక కోరంగి కూలీని తొక్కి చంపుతుంది. అతనికి పేరు లేదు, ఇల్లు లేదు, ఏడ్చేవారు లేరు. అతని ప్రాణం విలువా ఏనుగు విలువా పోల్చి తెల్ల అధికారులు చర్చించుకొంటారు. వలస పాలన క్రూరత్వాన్ని తనలోనే పట్టిచూపిన రచనలో కూడా, తెలుగువాడు శవంగానే మిగిలాడు.

శరత్ చంద్ర ఛటోపాధ్యాయ 1903 నుంచి 1916 దాకా రంగూన్‌లో గుమాస్తాగా పనిచేశారు. ‘శ్రీకాంత్’ రెండో భాగంలో ఓడ ప్రయాణం, రంగూన్‌లో వేర్వేరు ప్రాంతాల భారతీయుల కాపురాలు వస్తాయి. 1926లో పుస్తకంగా వచ్చిన ‘పథేర్ దాబీ’ బర్మా నేపథ్యంలోని విప్లవకారుల కథ; దాన్ని బ్రిటిషు ప్రభుత్వం నిషేధించింది. శరత్ నవలలు చక్రపాణి వంటివారి అనువాదాలతో తెలుగు ఇళ్లలోకి వచ్చాయి. 1952 నాటి తమిళ చిత్రం ‘పరాశక్తి’ యుద్ధకాలంలో రంగూన్‌లో చిక్కుబడిన అన్నదమ్ములతో మొదలవుతుంది. అమితావ్ ఘోష్ ‘ది గ్లాస్ ప్యాలెస్’ నవల 2000లో వచ్చింది. 1885లో మాండలే పతనం నుంచి 1942 కాలినడక మీదుగా సైనిక పాలన దాకా ఒక భారతీయ కుటుంబాన్ని నడిపిస్తుంది.

నే విన్ పాలనను చైనీయ మూలాలున్న కుటుంబం లోపలి నుంచి చూపినవారిలో వెండీ లా-యోన్ ముఖ్యురాలు. ఆమె తండ్రి ఎడ్వర్డ్ లా-యోన్ రంగూన్ ఆంగ్ల దినపత్రిక ‘ది నేషన్’ సంపాదకుడు. 1963లో సైనిక ప్రభుత్వం ఆయన్ను జైల్లో పెట్టింది. 1983లో వచ్చిన ఆమె తొలి నవల ‘ది కాఫిన్ ట్రీ’లో సైనిక కుట్ర తర్వాత అన్నా చెల్లెలూ అమెరికా చేరతారు. అక్కడ వారిని పట్టుకొనే సైనికుడు ఎవరూ లేరు. అయినా భయం వారి వెంటే వచ్చింది. అన్న మనసు చెదిరిపోతుంది.

మరికొన్ని దేశాల చైనీయ కుటుంబాలు

1962 అక్టోబరులో చైనాతో యుద్ధం రాగానే భారత ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. అస్సాం, డార్జిలింగ్, షిల్లాంగ్ ప్రాంతాల నుంచి సుమారు మూడు వేల మంది చైనీయ సంతతి వారిని విచారణ లేకుండా రైళ్లెక్కించి రాజస్థాన్‌లోని దేవ్లీ శిబిరానికి తరలించింది. వారిలో చాలామంది ఇక్కడ పుట్టినవారే. ఎన్నికలు జరిగే ప్రజాస్వామ్యంలోనూ వలస కుటుంబం ఒక్క రాత్రిలో అనుమానితుల జాబితాలోకి చేరగలదని దేవ్లీ చూపింది. రీటా చౌధురి 2010లో అస్సామీలో రాసిన ‘మాకాం’ నవల ఈ చరిత్రనే ఇతివృత్తంగా తీసుకొంది. కలకత్తాలో పుట్టి కెనడాలో స్థిరపడిన క్వాయ్-యున్ లీ ‘ది పామ్ లీఫ్ ఫ్యాన్’ అనే 2006 నాటి కథల సంపుటిలో హక్కా చైనీయుల ఇళ్లనూ వాటి మీద కమ్ముకొన్న భయాన్నీ చిత్రించారు.

ఇండొనేసియాలో సుహార్తో పాలన 1966లో చైనీయ బడులను మూసివేసింది, పేర్లు మార్చుకొమ్మని ఒత్తిడి చేసింది. 1967లో ఒక ఉత్తర్వుతో చైనీయ పండుగలను బహిరంగంగా చేసుకోకుండా నిషేధించింది. 2000లో అధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వాహిద్ ఆ ఉత్తర్వును ఎత్తివేసేదాకా ఇదే సాగింది. 1998 మే అల్లర్లలో చైనీయ స్త్రీల మీద అత్యాచారాలు జరిగాయి. ఆ ఏడాదే సెనో గుమిర అజిదర్మ ‘క్లారా’ కథ రాశారు. బాధితురాలి గోడును మనకు చెప్పేది ఆమె కాదు. ఫిర్యాదు రాసుకొనే అధికారి. ఆమె మాటలు అతని నివేదిక భాషలోకి మారుతున్నకొద్దీ అతని అపనమ్మకం, ద్వేషం బయటపడతాయి.

కథన లక్షణాలు

ఇలాంటి రచనల్లో కొన్ని పోలికలు కనిపిస్తాయి. మొదటిది, నియంత నేరుగా కనిపించడు. అతని పాలన గుమాస్తా రూపంలో, సోదా అధికారి రూపంలో, కొత్త నోటు రూపంలో గడప దాటి వస్తుంది. రెండోది, కొన్నిటిలో చెప్పేవారు రెండో తరం పిల్లలు. పెద్దలు దాచిన విషయం వారికి సగమే తెలుసు. పాఠకుడికి ఇంకాస్త ఎక్కువ తెలుసు. ఆ తేడాలోంచే ఉద్వేగం పుడుతుంది. మూడోది, కుటుంబం లోపలి చీలిక. ఉందామనే తండ్రి, పోదామనే కొడుకు, బర్మీయుణ్ని పెళ్లాడే కూతురు, అందరికీ అన్నం పెడుతూ ఏ పక్షమూ తీసుకోని తల్లి.

చిన్న కథకు ఈ ఇతివృత్తం బాగా ఒదుగుతుంది. నోటు రద్దయిన ఒక సాయంత్రం, ఓడ రేవులో ఒక సోదా, బడిలో ఒక పేరు మార్పు - ఇవి పది పేజీల్లో పట్టే సంఘటనలు. నవల మాత్రం ఆ ఇంటి మూడు తరాలనూ మోయగలదు. ఇంట్లోవారి మాటల్లోంచే సంఘాన్ని చూపించిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిని చదివిన గోదావరి పాఠకుడికి ఈ పద్ధతి కొత్త కాదు.

తిరిగొచ్చినవారు, ఇప్పటి వలస

బర్మా నుంచి వచ్చినవారికి ప్రభుత్వం శిబిరాలు, కాలనీలు, చిన్న అప్పులు ఏర్పాటుచేసింది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు పేరు అలా వచ్చిందే. బర్మా, శ్రీలంకల నుంచి వచ్చినవారి పునరావాసం కోసం 1969లో మద్రాసులో పెట్టిన సహకార సంస్థ రెప్కో బ్యాంకుగా ఇప్పటికీ నడుస్తోంది. అక్కడే ఉండిపోయిన తెలుగువారి సంతతి నేటికీ యాంగోన్ (నాటి రంగూన్), బగో, మోన్ ప్రాంతాల్లో ఉంది. 2021 ఫిబ్రవరి 1న మళ్లీ సైన్యం అధికారం చేజిక్కించుకోవడంతో మరో తరం అదే తరహా పాలన కిందికి వచ్చింది.

గోదావరి డెల్టా వలస ఆగలేదు, దారి మారింది. భీమవరం, నరసాపురం, పాలకొల్లు, కోనసీమల నుంచి కొన్ని దశాబ్దాలుగా మగవాళ్లూ, ఇంటి పనికి ఆడవాళ్లూ కువైట్ తదితర గల్ఫ్ దేశాలకు వెళ్తున్నారు. అక్కడ చాలాచోట్ల వారి ఉనికిని యజమాని పూచీ మీద నిలిపేది కఫాలా పద్ధతి. పాస్‌పోర్టు యజమాని చేతిలో ఉంటే పని మానడమూ ఊరికి రావడమూ అతని ఇష్టం. 1930లో రంగం వెళ్లినవాడి బాకీ మేస్త్రీ పద్దులో ఉండేది. ఇప్పుడు గల్ఫ్‌కు పంపే ఏజెంటుకు కట్టే డబ్బు ఊళ్లోనే వడ్డీకి తెచ్చింది. రెండు వలసలకూ మధ్య ఇంత పోలిక ఉన్నందున, బర్మా చరిత్రనూ అక్కడి తెలుగు, చైనీయ కుటుంబాల కథలనూ చదవడం గోదావరి వలసను అర్థం చేసుకోవడంలో భాగమే.